చోటు లేదంటున్న పాత కంప్యూటర్: ముందు ఏ డ్రైవో చూడండి

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా పెదనాన్న ఫోన్. "ఒరేయ్, కంప్యూటర్ నిండిపోయిందని మాటిమాటికీ మొత్తుకుంటోందిరా. మీ అక్క పెళ్లి ఫొటోలు కూడా తీసేశాను. అయినా అదే పాట." గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. ముందురోజు దగ్గర్లో ఉన్న రిపేరు షాపుకు తీసుకెళ్తే, హార్డ్ డిస్క్ మార్చాలి, మూడున్నర వేలవుతుందన్నారట.

వెళ్లి చూశాను. సి డ్రైవ్‌లో 180 జీబీకి పైగా ఖాళీ. డి డ్రైవ్ సగం కూడా నిండలేదు. హెచ్చరిక వస్తున్నది ఆ రెండింటి గురించీ కాదు, ఇ డ్రైవ్ గురించి. దాని మొత్తం సైజు 450 ఎంబీ, అంటే అర జీబీ కూడా కాదు. అలాంటి డ్రైవ్ ఒకటుందని పెదనాన్నకు తెలియనే తెలియదు. అందులో ఆయన పెట్టిందీ ఏమీ లేదు. దేవుడి గూట్లో చోటు లేదంటే హాల్లో సోఫా అమ్మేసినట్టయింది వ్యవహారం.

ఫొటోలు పోలేదు లెండి. డిలీట్ అయితే కొట్టారు గానీ రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం ఆయనకు రాదు. రాకపోవడమే మమ్మల్ని కాపాడింది. అన్నీ అందులోనే ఉన్నాయి, వెనక్కి తెచ్చుకున్నాం. మీరూ ఒకటి గుర్తుపెట్టుకోండి: బిన్‌లోకి వెళ్లిన ఫైళ్లు అక్కడ కూడా అంతే చోటు తింటాయి. డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదంటే మొదటి అనుమానం దాని మీదే.

ఇలాంటి కంప్యూటర్ మీ ఇంట్లోనూ ఉంటే, కింద చెప్పిన వరుసలో వెళ్లండి. ఒక్క నియమం: కారణం తేలేదాకా ఏదీ డిలీట్ చేయకండి.

ఆ హెచ్చరిక విండోస్ ఇచ్చిందేనా?

తెర కుడివైపు కింద మూలలో వచ్చే ప్రతి డబ్బా విండోస్‌ది కాదు. ఏదో సైటు తెరిచినప్పుడు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే చూసుకోకుండా అలౌ నొక్కేస్తాం. ఆ తర్వాత అదే మూలలో "మీ స్టోరేజ్ నిండిపోయింది, వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి" అని ఎర్రగా వస్తుంటాయి. అవి బ్రౌజర్ నుంచి వస్తున్న ప్రకటనలు. జాగ్రత్తగా చూస్తే డబ్బాలో బ్రౌజర్ పేరో, ఏదో సైటు పేరో చిన్న అక్షరాల్లో కనబడుతుంది. ఫోన్ నంబరు ఇచ్చి కాల్ చేయమంటే ఇక ఆలోచించక్కర్లేదు, అది మోసం. చోటు లేదని చెప్పేటప్పుడు విండోస్ ఫోన్ నంబరు ఇవ్వదు.

వీటిని ఆపాలంటే క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ దాకా వెళ్లండి. అలౌ జాబితాలో తెలియని పేర్లన్నీ తీసేయండి. రెండు నిమిషాల పని.

అసలైన హెచ్చరిక ఎలా ఉంటుందంటే, పైన "లో డిస్క్ స్పేస్" అని ఉండి, కింద ఫలానా అక్షరం డ్రైవ్‌లో చోటు అయిపోతోందని ఒక వాక్యం ఉంటుంది. మనకు కావలసింది ఆ అక్షరమే. చాలామంది దాన్ని చదవకుండానే డబ్బా మూసేస్తారు. ఈసారి వచ్చినప్పుడు కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి.

అక్షరం తెలిసింది. ఇప్పుడు దాని సైజు

విండోస్ 7లో అయితే కంప్యూటర్ అన్న బొమ్మ, విండోస్ 10లో అయితే దిస్ పీసీ అన్న బొమ్మ తెరవండి. డ్రైవ్‌లన్నీ గీతలతో కనబడతాయి. పదో వంతు కన్నా తక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్ గీత ఎర్రగా ఉంటుంది. హెచ్చరికలో ఉన్న అక్షరం ఏ డ్రైవ్‌దో చూసి, మొత్తం సైజు ఎంతో రాసుకోండి. ఖాళీ ఎంతన్నది తర్వాత సంగతి.

ఎంబీల్లో ఉంటే, అంటే 100 నుంచి 1000 లోపు, అది మీ కోసం ఉన్న డ్రైవ్ కాదు. 10, 15, 20 జీబీ ఉండి పేరు రికవరీ అని ఉంటే అది కంపెనీవాళ్లు పెట్టినది. సి డ్రైవ్ అయితే విషయం కాస్త పెద్దది, ఓపిగ్గా చూడాలి.

500 జీబీ అని కొన్న డిస్క్ 465 జీబీనే చూపిస్తోందని కూడా కొందరు కంగారుపడతారు. ఎవరూ దోచుకోలేదు. డిస్క్ తయారుచేసేవాళ్లకు జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్‌కు 107 కోట్లకు పైన. ఆ తేడా అంతే.

ఎంబీల్లో ఉన్న చిన్న డ్రైవ్

పెదనాన్న ల్యాప్‌టాప్ సంగతి ఇదే. నా అనుభవంలో పాత కంప్యూటర్లలో వచ్చే దొంగ హెచ్చరికల్లో దీనిదే మొదటి స్థానం.

విండోస్ ఎక్కించేటప్పుడు అది తనకోసం చిన్న చిన్న గదులు కట్టుకుంటుంది. విండోస్ 7 అయితే 100 ఎంబీతో సిస్టమ్ రిజర్వ్‌డ్ అని ఒకటి. విండోస్ 10లో రికవరీకి 450, 500 ఎంబీల దాకా మరొకటి. బూట్ అవడానికి, అంటే కంప్యూటర్ లేవడానికి, ఏదైనా చెడిపోతే బాగుచేసుకోవడానికి కావలసిన సరుకు వాటిలో ఉంటుంది. మామూలుగా వాటికి అక్షరం ఉండదు, అందుకే మనకు కనబడవు. కానీ ఒక్కోసారి అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ గదికి పొరపాటున అక్షరం తగులుకుంటుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ తర్వాత, అంటే 1803 అనే కూర్పు తర్వాత, చాలామందికి ఇలాగే జరిగింది.

అక్షరం రాగానే విండోస్ దాన్ని కూడా మామూలు డ్రైవ్‌లా కాపలా కాయడం మొదలుపెడుతుంది. ఖాళీ 200 ఎంబీ కన్నా తగ్గితే హెచ్చరించాలని దానికున్న లెక్క. గదే 450 ఎంబీ, లోపల సరుకే 400 ఎంబీ. 200 ఖాళీ ఎక్కణ్నుంచి వస్తుంది? మీరు ప్రపంచంలో ఉన్న ఫొటోలన్నీ తీసేసినా రాదు. అందుకే ఆ హెచ్చరిక ఆగదు.

చేయవలసింది ఆ అక్షరం తీసేయడం. గదిని కాదు, తలుపు మీదున్న నంబరు ప్లేటును మాత్రమే.

ముందు సులువైన దారి చూద్దాం. విండోస్ 10లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ ఎంచుకోండి. విండోస్ 7లో కంప్యూటర్ మీద రైట్ క్లిక్, మేనేజ్, ఎడమవైపు డిస్క్ మేనేజ్‌మెంట్. కింద మీ హార్డ్ డిస్క్ పొడవాటి పట్టీలా, ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. చిన్న ముక్క మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్ అన్నది నొక్కండి. అక్షరాన్ని ఎంచుకుని రిమూవ్ నొక్కండి. కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోవచ్చు అని ఒక బెదిరింపు వస్తుంది. ఆ డ్రైవ్‌లో మీ ప్రోగ్రాములేవీ లేవు కాబట్టి ఎస్ కొట్టండి.

అదే మెనూలో ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ అని కూడా ఉంటాయి. చేయి జారి అవి నొక్కితే మళ్లీ కంప్యూటర్ లేవకపోవచ్చు. మౌస్ నెమ్మదిగా కదపండి.

ఒక్కోసారి రికవరీ ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ అన్న మాట ఒక్కటే వస్తుంది, ఇంకేమీ రాదు. పెదనాన్న దగ్గర అదే జరిగింది. అప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లోకి వెళ్లాలి. స్టార్ట్‌లో సీఎండీ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి, వచ్చిన దాని మీద రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్లటి కిటికీ వస్తుంది. కింది మాటలు అందులో ఇంగ్లీషులో టైప్ చేయాలి, ఒక్కో దాని తర్వాత ఎంటర్ నొక్కాలి:

1. డిస్క్‌పార్ట్. డిస్క్, పార్ట్ రెండు మాటలూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా. డిస్క్ చివర కె రాయాలి, సి కాదు.
2. లిస్ట్ వాల్యూమ్. డ్రైవ్‌ల పట్టిక వస్తుంది. ఒక వరుసలో అక్షరం, ఒక వరుసలో సైజు ఉంటాయి. ఇ అక్షరమూ 450 ఎంబీ సైజూ ఒకే అడ్డగీతలో ఉన్నాయా? ఆ గీత మొదట్లో ఉన్న వాల్యూమ్ నంబరు చూడండి. మాకు 4 వచ్చింది.
3. సెలెక్ట్ వాల్యూమ్ 4. మీ నంబరు వేరే ఉంటే అది కొట్టండి. ఈ అడుగులో తప్పు జరిగితే తర్వాతది తప్పు డ్రైవ్ మీద పడుతుంది, కాబట్టి నంబరు మరోసారి సరిచూసుకోండి.
4. రిమూవ్ లెటర్=ఇ. మీ అక్షరం వేరే ఉంటే అది కొట్టండి. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వద్దు. సరిగా జరిగితే సక్సెస్‌ఫుల్లీ రిమూవ్‌డ్ అని సమాధానం వస్తుంది.
5. ఎగ్జిట్.

డిస్క్‌పార్ట్‌లో ఉండగా క్లీన్ అన్న మాట మాత్రం సరదాకు కూడా కొట్టకండి. పేరు చూసి చెత్త ఊడ్చే కమాండ్ అనుకుంటారు. అది డిస్క్ మీదున్న పార్టిషన్లన్నిటినీ, అంటే డ్రైవ్‌లుగా చేసిన ముక్కలన్నిటినీ, ఊడ్చేస్తుంది.

కంప్యూటర్ ఒకసారి ఆపి తెరవండి. దిస్ పీసీలో ఇ డ్రైవ్ మాయమవుతుంది, దాంతోపాటు హెచ్చరికా పోతుంది. ఎప్పుడో పెద్ద అప్‌డేట్ తర్వాత అక్షరం తిరిగొస్తే ఇదే పని మళ్లీ చేయండి.

ఇదే చిన్న గది వల్ల విండోస్ 7లో మరో తమాషా ఉంది. సిస్టమ్ ఇమేజ్ బ్యాకప్, అంటే విండోస్‌తో సహా మొత్తానికీ కాపీ, తీద్దామని కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలిస్తారు, అందులో వందల జీబీ ఖాళీ. అయినా చోటు చాలదని బ్యాకప్ ఆగిపోతుంది. అది అడుగుతున్నది ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో చోటు కాదు, 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్‌లో 50 ఎంబీ ఖాళీ. కొన్ని యాంటీవైరస్‌లు, పాత బ్యాకప్ ప్రోగ్రాములు అందులో ఏవో ఫైళ్లు పెట్టి ఉంటాయి. తెలియనివాళ్లు అందులో చేయి పెట్టే బదులు, ముఖ్యమైన ఫోల్డర్లను మామూలుగా కాపీ చేసుకోవడమే మంచిది.

రికవరీ అని పేరున్న డి డ్రైవ్

కంపెనీ ల్యాప్‌టాప్‌ల్లో పది పదిహేను జీబీలతో ఒక డ్రైవ్ ఉంటుంది. కొన్న రోజు నుంచే ముప్పాతిక నిండి ఉంటుంది. కొత్తలో ఉన్న విండోస్‌ను తిరిగి ఎక్కించుకోవడానికి కంపెనీవాళ్లు పెట్టిన కాపీ అది. ఇంట్లో ఎవరో "డి డ్రైవ్‌లో పెడితే ఫార్మాట్ చేసినా పోవు" అన్న పాత మాట గుర్తుపెట్టుకుని, పాటలూ బ్యాంకు కాగితాలూ తెచ్చి అందులో పడేస్తారు. రెండు మూడు జీబీ పడగానే అది ఎర్రబడుతుంది.

తెరిచి మీరు పెట్టినవి ఏవో వెతకండి. తేదీ ప్రకారం వరుసపెడితే కంపెనీ ఫైళ్లన్నీ ఒకే పాత తేదీతో గుంపుగా ఉంటాయి, మీవి విడిగా తేలతాయి. మీవి మాత్రమే కట్ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టండి. మిగతావి ముట్టుకోవద్దు. విండోస్ బ్యాకప్ కూడా ఒక్కోసారి ఇక్కడికే రాస్తూ ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిచి, డి అని ఉంటే మార్చేయండి. ఒకే డిస్క్‌లో ఉన్న సరుకుకు అదే డిస్క్‌లో బ్యాకప్ ఏం బ్యాకప్?

సి డ్రైవే, కానీ లెక్క కుదరడం లేదు

సి డ్రైవ్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, ప్రాపర్టీస్ చూస్తే 70 జీబీ అంటుంది. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి చూస్తే 110 జీబీ వాడినట్టు చూపిస్తుంది. మధ్యలో 40 జీబీ ఏమైనట్టు? ఎక్కడికీ పోలేదు, మీకు చూపించని చోట ఉంది.

విన్‌డిర్‌స్టాట్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాన్ని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే ఏ ఫోల్డర్ ఎంత తింటోందో రంగు రంగుల గళ్లతో చూపిస్తుంది. మామూలుగా తెరిస్తే దాచిన ఫోల్డర్లు దానికీ అందవు, అది మర్చిపోకండి. పెద్ద గడి మీద మౌస్ నొక్కితే పేరు తెలుస్తుంది. తరచుగా కనిపించే పేర్లు ఇవి.

హైబర్‌ఫిల్ అన్న ఫైలు. కంప్యూటర్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకునే చోటు. విండోస్ 7లో ర్యామ్‌లో ముప్పాతిక వంతు సైజు ఉంటుంది, అంటే 4 జీబీ ర్యామ్‌కు 3 జీబీ. హైబర్నేట్ మీరు వాడకపోతే తీసేయొచ్చు. ఫైలును డిలీట్ కొడితే పోదు. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్ అన్న మాటకు సీఎఫ్‌జీ అనే మూడు అక్షరాలు అతికించి రాసి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు హెచ్, మళ్లీ ఖాళీ వదిలి ఆఫ్ అని కొట్టాలి. ఒకటి మాత్రం ఆలోచించుకోండి. బ్యాటరీ బలహీనపడ్డ ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ అయిపోయేటప్పుడు పనిని కాపాడేది ఈ హైబర్నేటే. 3 జీబీ కోసం దాన్ని వదులుకోవాలా అన్నది మీ ఇష్టం. డెస్క్‌టాప్ అయితే నేను నిస్సంకోచంగా తీసేస్తాను.

పేజ్‌ఫైల్ అన్నది ర్యామ్ చాలనప్పుడు వాడుకునే ఫైలు. పాత కంప్యూటర్లో ర్యామ్ ఎలాగూ తక్కువే, దాని జోలికి వెళ్లొద్దు.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్. రిస్టోర్ పాయింట్లు ఇందులో పేరుకుంటాయి. దిస్ పీసీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సిస్టమ్ ప్రొటెక్షన్, కాన్ఫిగర్. అక్కడ మ్యాక్స్ యూసేజ్ అని జరిపే గీత ఉంటుంది. 20, 30 శాతం దగ్గర ఉంటే ఐదుకు తెచ్చి ఓకే కొట్టండి. పూర్తిగా ఆపేయకండి. ఏ డ్రైవరో ఎక్కించి కంప్యూటర్ మొండికేసిన రోజు మిమ్మల్ని వెనక్కి తీసుకెళ్లేది ఇదే.

విండోస్ డాట్ ఓల్డ్ అన్నది పాత విండోస్ మీద కొత్తది ఎక్కించినప్పుడు మిగిలిన ఫోల్డర్. విండోస్ 10 పది రోజుల తర్వాత తనంతట తాను తీసేయాలి, ఒక్కోసారి తీయదు. సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డిస్క్ క్లీనప్ నొక్కి, క్లీనప్ సిస్టమ్ ఫైల్స్ అన్నది మళ్లీ నొక్కితే, ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ అని జాబితాలో వస్తుంది. టిక్ పెట్టి తీసేయండి. జాబితాను పైనుంచి కిందిదాకా చదవండి. కొన్ని విండోస్ 10 కూర్పుల్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా అందులో చేరింది. అన్నిటికీ టిక్కులు పెట్టుకుంటూ పోయేవాళ్లు హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, జీతం స్లిప్పులు అన్నీ అలా పోగొట్టుకున్నారు.

విన్‌ఎస్ఎక్స్ఎస్ అని విండోస్ ఫోల్డర్ లోపల ఒక పెద్ద గడి కనిపిస్తుంది. భయపడకండి, చేయి పెట్టకండి. అందులోని ఫైళ్లు చాలావరకు వేరే ఫోల్డర్లలో ఉన్నవే. ఒకే ఫైలు రెండు పేర్లతో ఉండటం వల్ల రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

ఖాళీ చేసిన కొద్దీ నిండుతుంటే

విండోస్ 7 వాడుతున్నవాళ్లకు ఇంకో వింత తగులుతుంది. రాత్రి ఐదు జీబీ ఖాళీ చేసి పడుకుంటారు, వారం తిరిగేసరికి మళ్లీ సున్నా. వైరస్ అనుకుంటారు. చాలాసార్లు కారణం విండోస్ రాసుకునే దినచర్య పుస్తకమే.

సి డ్రైవ్‌లో విండోస్, అందులో లాగ్స్, అందులో సీబీఎస్ అనే ఫోల్డర్ ఉంది. అప్‌డేట్ల సమాచారం అందులో రాసుకుంటుంది. ఆ లాగ్ బాగా పెరిగాక దాన్ని కుదించి క్యాబ్ ఫైలుగా మార్చాలి. లాగ్ 2 జీబీ దాటితే కుదించే పరికరం చేతులెత్తేస్తుంది. ఎత్తేసి ఊరుకోదు, సగం చేసిన పనిని విండోస్‌లోని టెంప్ ఫోల్డర్లో పడేసి వెళ్తుంది. ఒక్కోటి వంద ఎంబీ దాకా. కొంతసేపటికి మళ్లీ ప్రయత్నం, మళ్లీ ఓటమి, మళ్లీ వంద ఎంబీ. నేను చూసిన ఒక జిరాక్స్ షాపు కంప్యూటర్లో అలాంటివి మూడొందలకు పైగా ఉన్నాయి. యజమాని రోజూ టెంప్ ఫైళ్లు తీస్తూనే ఉన్నాడు, అసలు లాగ్‌ను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. కుళాయి కట్టకుండా నేల తుడుస్తున్నట్టు.

మందు ఇది. స్టార్ట్‌లో సర్వీసెస్ అని కొట్టి తెరవండి. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ అన్నది వెతికి స్టాప్ నొక్కండి. సీబీఎస్ ఫోల్డర్లోని లాగ్ ఫైళ్లు తీసేయండి. ఆ తర్వాత విండోస్‌లోని టెంప్ ఫోల్డర్లో క్యాబ్ అని మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేయండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. కొత్త లాగ్ చిన్నగా మొదలవుతుంది. ఆ జిరాక్స్ షాపులో ఒకేసారి ముప్పై జీబీ తిరిగొచ్చింది.

షాపుల్లో ఉండే పాత కంప్యూటర్లకు మరో చోటు కూడా చూడాలి. ప్రింటర్‌కు పంపి మధ్యలో ఇరుక్కుపోయిన పనులు విండోస్, సిస్టమ్ 32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్లో పోగుపడతాయి. ఫ్లెక్సీ డిజైన్లు పంపేవాళ్లకు ఒక్కోటి వందల ఎంబీ. సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ ఆపి, ఆ ఫోల్డర్ లోపలివి మాత్రం తీసేసి, మళ్లీ స్టార్ట్ చేయండి.

ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ ఫుల్ అంటే అది సి డ్రైవ్‌లో తాత్కాలిక ఫైలు పెట్టుకుంటోందని అర్థం. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ను బాగా ఖాళీ ఉన్న వేరే డ్రైవ్‌కు మార్చండి.

అన్నీ చూశాక కూడా లెక్క తేలకపోతే

కరెంటు పోయి టప్పున ఆగిపోయే డెస్క్‌టాప్‌లకు ఇది ఎక్కువ, ముఖ్యంగా యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఏళ్లయినవాటికి. ఏ గడి ఖాళీ, ఏది నిండిందన్న పటం ఒకటి డిస్క్‌లో ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ఆ పటం చెడుతుంది. ఖాళీ ఉన్న చోటును కూడా నిండినట్టు చూపిస్తుంది. అప్పుడు మీరెన్ని ఫైళ్లు తీసినా లెక్క తప్పే.

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేస్తోందా? అయితే కాపీ చేసుకుని అక్కడితో ఆపండి. నిజంగానే డిస్క్ మార్చాల్సిన రోజు వచ్చింది. చప్పుడేమీ లేకపోతే సి డ్రైవ్ ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. ఇప్పుడు కుదరదు, రీస్టార్ట్ అయినప్పుడు చేస్తానంటే సరేననండి. పాత డిస్క్‌కు గంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. మధ్యలో స్విచ్ కట్టేయకండి. కరెంటు కోత లేని వేళ చూసుకుని మొదలుపెట్టండి.

చోటు ఎక్కువై, లేదనే ప్రోగ్రాములు

ఇది నాకు ఇష్టమైన కేసు. మన ఊళ్లలో ఇప్పటికీ డీటీపీ సెంటర్లలో పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లు, పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడుస్తున్నవి ఉన్నాయి. అలాంటి కంప్యూటర్‌కు పెద్ద డిస్క్ వేసి, ఏ 1990ల నాటి ప్రోగ్రామునో ఎక్కించబోతే చోటు చాలదంటుంది. నలభై జీబీ ఖాళీ ఉంది, దానికి కావలసింది 250 ఎంబీ!

పాత స్కూటర్ మీటరు గుర్తుందా? 99999 దాటగానే 00000 అవుతుంది. ఆ కాలం ప్రోగ్రాములు ఖాళీని లెక్కపెట్టే మీటరు కూడా అలాంటిదే. 4 జీబీ దగ్గర తిరిగి సున్నాకు వస్తుంది. కొన్నిటికి 2 జీబీ దాటగానే మైనస్‌లోకి పోతుంది. 40.1 జీబీ ఖాళీ ఉంటే మీటరు పది చుట్లు తిరిగి, దానికి 0.1 జీబీ మాత్రమే కనబడుతుంది. 250 ఎంబీ కావాలి, వంద ఎంబీయే ఉందనుకుని ఏడుస్తుంది.

దీనికి మందు చోటు తగ్గించడం. ఒక రెండున్నర జీబీ సినిమా ఫైలు తెచ్చి ఆ డ్రైవ్‌లో పడేయండి. ఖాళీ 37.6 జీబీ అవుతుంది. తొమ్మిది చుట్లు, అంటే 36 పోగా దానికి 1.6 జీబీ కనబడుతుంది. హాయిగా ఎక్కుతుంది. ఎక్కాక సినిమా తీసేయండి. పని చేస్తున్నప్పుడు కూడా ఇదే గొడవ పెడితే, ఆ ప్రోగ్రాముకు రెండు జీబీ లోపు చిన్న పార్టిషన్ కట్టివ్వడం శాశ్వత మార్గం. చోటు లేదన్నవాడికి చోటు తగ్గించి ఇస్తున్నామంటే పక్కన నిలబడ్డ కస్టమర్ మనల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

పెన్ డ్రైవ్ సంగతి ఒక ముక్క. 16 జీబీ ఖాళీ పెన్ డ్రైవ్‌లో 5 జీబీ పెళ్లి వీడియో ఎక్కకపోతే అది ఫ్యాట్ 32 పద్ధతిలో ఉందని అర్థం. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. విండోస్ 7 ఫైలు మరీ పెద్దదని సరిగ్గానే చెబుతుంది. ఎక్స్‌పీ మాత్రం చోటు లేదని చెప్పి తప్పుదారి పట్టిస్తుంది. పెన్ డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచుకుని, ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి.

పాత కంప్యూటర్‌కు విండోస్ బదులు ఉచితంగా దొరికే ఉబుంటు ఎక్కించుకున్నవాళ్లకు బూట్ అనే చిన్న పార్టిషన్ నిండిందని వస్తుంటుంది. అప్‌డేట్ల తర్వాత మిగిలిన పాత కెర్నెళ్లు, అంటే ఉబుంటు గుండెకాయ లాంటి ఫైళ్ల పాత కూర్పులు, అందులో పేరుకుంటాయి. టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ కొడితే అక్కర్లేనివి పోతాయి.

హెచ్చరికనే ఆపేస్తే?

ఆపొచ్చు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే లో డిస్క్ స్పేస్ అన్న డబ్బా ఇక ఏ డ్రైవ్‌కూ రాదు. షాపుల్లో చాలామంది చేసిచ్చేది ఇదే, రెండు నిమిషాల పని కాబట్టి. నేను చేయను. రేపు నిజంగా సి డ్రైవ్ నిండినప్పుడు కూడా అది నోరు మెదపదు. అప్‌డేట్లు ఆగిపోయి, రాసిన ఫైలు సేవ్ కాక, ఏమైందో తెలియక కూర్చుంటారు. సి డ్రైవ్‌లో 15, 20 జీబీ ఖాళీ ఉండేట్టు చూసుకుంటే ఆ హెచ్చరిక మీ గుమ్మం తొక్కదు.

పెదనాన్న ల్యాప్‌టాప్‌కు అక్షరం తీసేశాక ఆయన గంటసేపు తెర ముందు కూర్చున్నారు, మళ్లీ వస్తుందేమోనని. రాలేదు. నేను బస్సెక్కి ఇంటికొచ్చేశాను. వారం తర్వాత ఫోన్. "ఒరేయ్, అంతా బాగానే ఉంది గానీ, ఇ డ్రైవ్ కనపడట్లేదేంట్రా? నువ్వేమైనా పట్టుకెళ్లావా?"